బిళ్ళ

శుక్రవారం పొద్దున, శర్క్ ఒడ్డున
అబ్బోడు ముందు, నేను వెనక.
వాడి చేతిలో మూలిగే యంత్రం,
నా చేతిలో వంటింటి గరిటె.
అది కూస్తే నేను తవ్వాల, అదీ ఒప్పందం.

ఇప్పటికి దొరికినవి
పెప్సీ మూతలు పదకొండు, ఒక గాలం,
ఎవరిదో కారు తాళం.
ఒక్కోసారీ దారీ మొహం వెలిగి ఆరేది.

ఈ కూత వేరు. సన్నగా, ఆగకుండా,
పాలు పొంగేముందు గిన్నె చేసే చప్పుడు.
మోచేతి లోతున తగిలింది
ఆకుపచ్చ పెచ్చు కట్టిన రాగి ముక్క.
రూపాయంత. అంచు దగ్గర బెజ్జం.

"పాతది, సబ్బా! శానా పాతది!"
నాగసుబ్బమ్మ అనడానికి
ఆ ఇంట్లో ఎవురికీ నోరు తిరగదు.

వాడు ఫోన్లో బొమ్మలు వెతుకుతుంటే
రాగిచెంబుకు చేసేదే దానికీ చేసినా:
ఉసిరికాయంత చింతపండు, చిటికెడు ఉప్పు,
బొటనవేలు.

చూసి లబలబలాడినాడు.
ఆ పచ్చదనమే దాని వయసంట,
తోమకూడదంట,
నూరేండ్లు కడిగి పారబోసినానంట.
నిజమే, పులుసు గిన్నెలో
నెమలి మెడ రంగు తేలింది.
నేనేం చేసేది? మా ఇంట్లో రాగి మెరవకపోతే
అమ్మ చెయ్యి వీపున మోగేది.

వాళ్ళ మామ చూసి తురకీ రాజుల పైస అన్నాడు.
ముబారకియాలో వెండి అంగడాయన
తక్కెట్లో వేసి, తీసి,
"చాయ్‌కి కూడా రాదు" అన్నాడు.
దారీకి మాత్రం సముద్రపు దొంగలే కావాల.
రాజు తలకాయ లేదు, అక్షరం లేదు,
నాలుగు చుక్కలు, వంకర గీత ఒకటి.

నేను బెజ్జం చూసినా.
అది గుండ్రంగా లేదు,
ఒక పక్కకే అరిగి కన్నీటిబొట్టు మాదిరి సాగింది.
మొలతాటికి వేలాడిన తాళంచెవి
ఇట్లనే అరుగుతుంది.

మంగంపేట ముగ్గురాయి గనిలో
మా అమ్మ గంప మోసేది.
గంప దించితే ఒక రేకు బిళ్ళ,
పొద్దుగూకి బిళ్ళలిస్తే కూలి.
ఒకనాడు రెండు బిళ్ళలు జారిపోయినాయని
రాత్రి గుట్టంతా వెతికింది,
లాంతరు నా చేతిలో.
యంత్రం ఏడిది,
చెప్పులిడిచి అరికాళ్ళతో వెతికింది.
ఒకటి దొరికింది.

"ఇది దుడ్డు గాదు దారీ,
ఎవురో ఏందో మోసిన లెక్క" అన్నా.
మామ నవ్వినాడు.

మూలన చక్రాల కుర్చీలో కునికే
బీబీ మూదీ చెయ్యి చాపింది.
వాసన చూసింది. పంటి కింద పెట్టింది.
"నీళ్ళు" అంది.

బస్రా నుంచి పడవలో ఏటినీళ్ళు వచ్చేవంట.
భుజాన కావడి, రెండు డబ్బాలు.
కావడికొక బిళ్ళ,
తలుపు చాటునుంచి వాళ్ళమ్మ చెయ్యి చాపేదంట.
మోసేవాని మొహం బీబీ ఎన్నడూ చూడలేదు,
తలుపు కింది సందులోంచి
తడిసిన కాళ్ళు చూసింది.
నాలుగు చుక్కలు మా వీధి గుర్తేనా?
ఏమో, నాకప్పుడు నాలుగేండ్లు, అంది.
మళ్ళా కునుకు పట్టింది.

దారీ డబ్బీలో దూది పరిచినాడు.
మీ భాషలో దీన్ని ఏమంటారు?
"బిళ్ళ."
వాళ్ళ రాతలో ళ లేదు. బిల్లా అని రాసినాడు.
అట్లా చదివితే దేవుని మీద ఒట్టంట.
ఇల్లంతా నవ్వినారు, నేనూ నవ్వినా.

రాత్రి కొళాయి కింద బకెట్టు పెట్టినా.
కొలిచేటప్పుడు మా అమ్మ
ఒకటి అనేది కాదు, లాభం అనేది.
లాభం, రెండు, మూడు…
గంప వాళ్ళది, గని వాళ్ళది,
లాభం ఎవురికని నేనెప్పుడూ అడగలా.
బకెట్టు నిండి
నీళ్ళు నా కాళ్ళ మీదికి వచ్చినాయి.